గాలివాన తర్వాత మా ప్రెస్సులో డిస్కుల పెట్టె లేవడం లేదు. డిస్కులు నిజంగా పోయినట్టేనా?

పర్లాకిమిడి ప్రెస్సు

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. మాకు ఇక్కడ చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. మెషిన్ పని మా ఆయన చూసుకుంటారు, కంపోజింగ్ నాది. పెళ్ళికార్డులు, పెద్దకర్మ కార్డులు, బిల్లు బుక్కులు, గుడి రసీదులు, బడి వార్షికోత్సవాల కరపత్రాలు. సగం తెలుగు, సగం ఒడియా. తెలుగు అను ఫాంట్లలో, ఒడియా ఆకృతి ఫాంట్లలో చేస్తాను. రెండూ పేజ్‌మేకర్ 7లోనే. అందుకోసం ఒక ఎక్స్‌పీ కంప్యూటర్ని ఇప్పటికీ కాపాడుకుంటూ వస్తున్నాం. ఇంకో కంప్యూటర్ విండోస్ 10.

ఈ రెండూ వాడుకునేలా 2013లో ఒక డిస్కుల పెట్టె కొన్నాం. రౌటర్‌కి కేబుల్ పెడితే రెండింట్లోనూ జెడ్ డ్రైవుగా కనిపిస్తుంది. లోపల రెండు డిస్కులు, ఒక్కోటి 2 టీబీ. ఒకదానిలో రాసింది రెండోదానిలోనూ రాస్తుంది, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది అని చెప్పి అమ్మారు. ఆ ధైర్యంతోనే పన్నెండేళ్ళ పని మొత్తం దాంట్లో పెట్టాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టాం. అప్పుడు కూడా దానికేం కాలేదు.

జ్యేష్ఠం చివర్లో ఒక సాయంత్రం గాలివాన పట్టుకుంది. పావుగంటలో ఏడెనిమిదిసార్లు కరెంటు పోయి వచ్చింది. ఇన్వర్టరు మీద లైట్లు, ఫ్యాన్లే ఉన్నాయి, పెట్టె లేదు. మర్నాడు పొద్దున్న చూస్తే నీలం లైటు ఆగకుండా కొట్టుకుంటోంది. చెవి దగ్గర పెట్టి వింటే లోపల డిస్కు "ఊఁ" అని తిరగబోయి, టక్కుమని ఆగి, మళ్ళీ మొదలెడుతోంది. అలా ఎంతసేపైనా అంతే.

ఊళ్ళో ఒక షాపుకి తీసుకెళ్ళాను. అడాప్టర్ పోయి ఉంటుందని వేరేది పెట్టి చూశారు. అదే టకటక. "రెండు డిస్కులూ పోయాయి, రికవరీకి భువనేశ్వర్ పంపాలి, ఒక్కోదానికి పదిహేను వేల పైన అవుతుంది, గ్యారంటీ లేదు" అన్నారు. ఆ అడాప్టర్ నేను కొనుక్కుని ఇంటికి తెచ్చేశాను.

ఇంటికొచ్చాక ఎడమవైపు డిస్కు ఊడదీసి, తెలిసినవాళ్ళ దగ్గర యూఎస్‌బీ డబ్బా ఒకటి అడిగి తెచ్చి విండోస్ 10కి తగిలించాను. డిస్కు చక్కగా తిరిగింది, టకటక లేదు. కానీ "వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి" అని అడిగింది. గుండె ఆగినంత పనైంది. క్యాన్సిల్ నొక్కి తీసేశాను. కుడివైపు డిస్కు ముట్టుకోలేదు.

మావి పెద్ద ఫైళ్ళు కావు, సినిమాలు కావు. కానీ మా దగ్గరికి వచ్చేవాళ్ళు "మా అక్క పెళ్ళికి చేసిన కార్డే మళ్ళీ చెయ్యండి" అని వస్తారు. తాతగారి పెద్దకర్మ కార్డులో రాసిన వంశం పేర్లు చూసి మనవడి పెళ్ళికార్డులో వేస్తాం. ఇక్కడ తెలుగు ఇళ్ళలో చాలామంది పిల్లలు ఒడియా, ఇంగ్లీషు బళ్ళలో చదువుతున్నారు. ఇంటిపేరు తెలుగులో ఎలా రాయాలో నా పాత ఫైలు చూసి చెప్పిన రోజులున్నాయి. గిడుగు రామమూర్తి గారు పిల్లలకి పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఏటా ఆగస్టు 29కి ఆయన పేరున కరపత్రం వేస్తాం, అవన్నీ అందులోనే ఉన్నాయి. ఇప్పుడు ఆషాఢం కాబట్టి పని తక్కువ. శ్రావణం ముహూర్తాలకి ఆర్డర్లు మొదలయ్యేలోపు ఏదో ఒకటి తేలాలి. నిద్ర పట్టడం లేదు, టెన్షన్‌గా ఉంది.

నా ప్రశ్నలు రెండు. డిస్కులు పోయినట్టేనా? పెట్టెని మళ్ళీ లేపగలమా, లేక డిస్కుల్లో ఉన్నది మాత్రం తీసుకుని దాన్ని వదిలేయాలా?

జయపురం

మేడమ్, అంత కంగారు ఎందుకు? అలాంటి కొత్త పెట్టె ఆన్‌లైన్‌లో కొని మీ రెండు డిస్కులూ అందులో దూర్చండి. డేటా డిస్కుల్లోనే ఉంటుంది కదా, అదే చదువుకుంటుంది.

బరంపురం రిపేరు

అమ్మా, ముందు ఒక మాట. పై సలహా దయచేసి పాటించకండి. వేరే కంపెనీ పెట్టెలో పాత డిస్కులు పెడితే, అది మొదటిసారి సెట్ చేసేటప్పుడు డిస్కుల్ని తన పద్ధతికి మార్చుకుంటుంది. మార్చుకోవడమంటే ఉన్నది చెరిపేయడమే. అదే కంపెనీవి కొన్ని మోడళ్ళు పాత డిస్కుల్ని గుర్తుపడతాయి కానీ, కాపీ లేకుండా ఆ పరీక్ష చెయ్యకూడదు. అలా చేసి ఏడుస్తూ నా దగ్గరికి వచ్చినవాళ్ళు ఉన్నారు.

ఇక మీ సంగతి. మీరు క్యాన్సిల్ నొక్కడం చాలా మంచిపని. ఆ ఫార్మాట్ మాట విని మీరు భయపడ్డారు కానీ, నాకు మాత్రం అది చదవగానే ధైర్యం వచ్చింది. ఎందుకో చెబుతాను. ఈ పెట్టెల్లో నడిచేది విండోస్ కాదు, లైనక్స్. డిస్కుని అది తన పద్ధతిలో, ఎక్కువగా ఈఎక్స్‌టీ4లో రాస్తుంది. విండోస్‌కి ఆ రాత చదవడం రాదు. రానిదాన్ని అది ఖాళీ డిస్కు అనుకుని ఫార్మాట్ చేయమంటుంది. అంటే డిస్కు తిరిగింది, దాని సర్క్యూటు పలికింది, విండోస్‌కి ఒక డిస్కు ఉన్నట్టు తెలిసింది. పోయిన డిస్కు ఇన్ని పనులు చెయ్యదు. యూఎస్‌బీ డబ్బాకి సొంత అడాప్టర్ ఉంటుంది కదా, దానితో బాగా తిరిగిన డిస్కు పెట్టెలో తిరగలేదంటే అనుమానం పెట్టె కరెంటు మీదకి పోవాలి.

షాపువాళ్ళు ఇచ్చిన అడాప్టర్ మీద ఏం రాసి ఉందో చూడండి. నా ఊహ, 12 వోల్టులు, 2 ఆంపియర్లు. రౌటర్లకీ సెట్‌టాప్ బాక్సులకీ వచ్చేది అదే, పిన్ను కూడా సరిపోతుంది. మీ పెట్టె అసలు అడాప్టర్ మీద 5 గానీ 6 గానీ ఆంపియర్లు అని ఉండాలి. మూడున్నర అంగుళాల డిస్కు తిరగడం మొదలెట్టే ఆ కొన్ని సెకన్లు ఒక్కోటీ దగ్గర దగ్గర 2 ఆంపియర్లు లాగుతుంది. తిరగడం అందుకున్నాక చాలా తగ్గిపోతుంది. రెండు డిస్కులకి 4, పైన బోర్డు ఖర్చు. 2 ఆంపియర్ల అడాప్టర్ దాన్ని ఎత్తలేదు. వోల్టేజి పడిపోతుంది, డిస్కు ఆగుతుంది, భారం తగ్గగానే వోల్టేజి లేస్తుంది, డిస్కు మళ్ళీ మొదలెడుతుంది. మీరు విన్న టకటక అదే. అంటే షాపులో చేసిన పరీక్షలోనే లోపం ఉంది, దాన్ని బట్టి డిస్కులు పోయాయని తేల్చకూడదు.

ఇప్పుడు రెండు పరీక్షలు చెయ్యండి. డబ్బు ఖర్చు లేదు.

మొదటిది. రెండు డిస్కులూ బయటికి తీసేయండి. ఏది ఎడమ, ఏది కుడి అన్నది స్కెచ్ పెన్నుతో ముందే రాసుకోండి, కలిసిపోకూడదు. ఖాళీ పెట్టెకి ఆ 2 ఆంపియర్ల అడాప్టర్ పెట్టండి. బోర్డు ఒక్కదానికి అది చాలు. డిస్కులు లేకుండా పెట్టె పూర్తిగా లేవదు కానీ, నాలుగైదు నిమిషాల్లో రౌటర్ లిస్టులో దాని పేరు కనిపించిందంటే బోర్డు బతికే ఉన్నట్టు.

రెండోది పాత అడాప్టర్‌కి. మల్టీమీటర్ పెట్టి చూస్తే 12 చూపిస్తుంది, బాగుందనుకుంటారు. అక్కడే చాలామంది మోసపోతారు. లోపలి కెపాసిటర్లు ఎండిపోయిన అడాప్టర్ కూడా భారం లేనప్పుడు 12 చూపిస్తుంది. భారం వేసి చూడాలి. కారు ఇండికేటర్‌కి వాడే 12 వోల్టుల బల్బు, 21 వాట్లది, రెండు తెచ్చుకోండి. రెండూ పక్కపక్కన కలిపితే మూడున్నర ఆంపియర్లు లాగుతాయి. ముందు ఒకటి, తర్వాత రెండూ వెలిగించి మీటర్ చూడండి. 11న్నర కిందకి దిగితే అడాప్టర్ పోయినట్టే. అడాప్టర్‌ని మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలిచి ఉంటుంది.

రాయగడ లైనక్స్

అక్కా, నమస్తే. బరంపురం మాష్టారు చెప్పిందంతా నిజం. నేను డిస్కుల వైపు నుంచి చెబుతాను. అడాప్టర్ వచ్చినా సరే, పెట్టెని లేపే ముందు డేటా కాపీ తీసేసుకోండి. పెట్టె లేవగానే అది తనంతట తను రెండు డిస్కుల్నీ సరిచూసి కలపడం మొదలెట్టవచ్చు. అది ఎటునుంచి ఎటు రాస్తుందో మన చేతిలో ఉండదు.

విండోస్ 10 కంప్యూటర్‌నే వాడుకోవచ్చు. ఒక పెన్‌డ్రైవులో ఉబుంటు అనే లైనక్స్ ఎక్కించి దాన్నుంచే బూట్ చెయ్యండి. ఇన్‌స్టాల్ కాదు, "ట్రై ఉబుంటు" అన్నది నొక్కాలి. మీ విండోస్ ఎక్కడికీ పోదు. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, ఒక్క డిస్కుని సాటా కేబుల్‌తో నేరుగా తగిలించండి. రెండూ ఒకేసారి వద్దు.

అందులో చెయ్యాల్సినవి ఇవి. ముందు స్మార్ట్ రిపోర్టు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్క, తియ్యండి. "రీఅలొకేటెడ్ సెక్టర్", "కరెంట్ పెండింగ్ సెక్టర్" అనే రెండు వరుసల చివర ఎంత ఉందో రాసుకోండి. అవి చెడిన చోట్ల లెక్కలు, సున్నా అయితే సంతోషం. తర్వాత లైనక్స్‌లో డిస్కుల జతల్ని చూసుకునే ఎండీఆడ్మ్ అనే ప్రోగ్రాం. లైవ్ ఉబుంటులో లేకపోతే నెట్ నుంచి ఎక్కించుకోవాలి. దానిలో "ఎగ్జామిన్" అని డిస్కులోని పెద్ద పార్టిషన్ని చూపిస్తే ఆ డిస్కు జాతకం మొత్తం చెబుతుంది. అందులో "అప్‌డేట్ టైమ్", "ఈవెంట్స్" అనే రెండు లైన్లు నాకు కావాలి. అలాగే రెండో డిస్కుకీ చేసి నాకు పంపండి. ఈవెంట్స్ అంటే ఆ జతలో మార్పు జరిగినప్పుడల్లా పెరిగే లెక్క. ఆరోగ్యంగా ఉన్న జతలో రెండు డిస్కులకీ అది ఒకటే ఉంటుంది, మహా అయితే ఒకటి రెండు తేడా. చాలా తేడా ఉందంటే ఒక డిస్కు ఎప్పుడో జత నుంచి విడిపోయిందని అర్థం. ఇది చూడకుండా కాపీ మొదలెట్టకండి అక్కా. అందుకే గట్టిగా చెబుతున్నాను.

ఇంకో మాట. గత కొన్ని నెలల్లో పెట్టె మీద నారింజ రంగు లైటు ఏమైనా కనిపించిందా? బీప్ బీప్ అని అరిచిందా?

పర్లాకిమిడి ప్రెస్సు

అన్నయ్యగారికీ, రాయగడ తమ్ముడికీ ముందు దండాలు. నాలుగు రోజుల సంగతి చెబుతాను.

షాపు అడాప్టర్ మీద 12 వోల్టులు, 2 ఆంపియర్లు అనే ఉంది. పాతదాని మీద 6. ఖాళీ పెట్టెకి 2 ఆంపియర్లది పెట్టాను. మూడు నిమిషాలకి రౌటర్‌లో దాని పేరు వచ్చింది! ఆ పేరు నేను పెట్టిందే, మా అమ్మాయి ముద్దుపేరు. స్క్రీన్ మీద అది చూసేసరికి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

బల్బుల పరీక్ష మా మరిది చేశాడు. అతనికి వ్యాన్ ఉంది, పాతపట్నంలో మెకానిక్ దగ్గర నుంచి రెండు బల్బులు, హోల్డర్లు పట్టుకొచ్చాడు. ఒక చెక్క పలక మీద హోల్డర్లు బిగించి, వైర్లు అడాప్టర్ పిన్నుకి తగిలించాడు. లోపలిది ప్లస్, బయటిది మైనస్ అని లేబుల్ మీద బొమ్మ ఉంది, చూసుకునే పెట్టాం. బల్బు లేకుండా 12.1. ఒక బల్బు వేస్తే 9.6. రెండోది వెయ్యగానే 7 దాకా పడిపోయి, రెండు బల్బులూ నూనె అయిపోయిన దీపాల్లా ఎర్రగా మిణుకుమన్నాయి. అడాప్టర్ నుంచి సన్నగా ఈల లాంటి చప్పుడు. మీరు చెప్పకపోతే ఆ 12.1 చూసి అడాప్టర్ బాగుందనే అనుకునేదాన్ని.

తమ్ముడూ, నువ్వు అడిగిన నారింజ లైటు. ఉంది. చలికాలం చివర్లో ఒకసారి పెట్టె అరిచింది. ఆ రోజు పెళ్ళికార్డుల హడావుడిలో ఉన్నాం, మా ఆయన వెనకాల బటన్ నొక్కి అరుపు ఆపేశారు. ఫైళ్ళు మామూలుగానే తెరుచుకున్నాయి. లైటు రంగు మారిందని చూశాను కానీ దాని అర్థం తెలుసుకోలేదు.

ఉబుంటు పని నేనే చేశాను, రెండు పూటలు పట్టింది. లెక్కలు ఇవి. ఎడమ డిస్కు: పెండింగ్ సెక్టర్లు 14. అప్‌డేట్ టైమ్ ఫిబ్రవరి 9. ఈవెంట్స్ 39,870. కుడి డిస్కు: పెండింగ్ సున్నా, రీఅలొకేటెడ్ సున్నా. అప్‌డేట్ టైమ్ గాలివాన వచ్చిన రోజు సాయంత్రం. ఈవెంట్స్ 48,211.

నాకు అర్థమైంది సరేనా? ఫిబ్రవరి నుంచి ఒక్క కుడి డిస్కు మీదే నడిచిందా? నేను మొదట యూఎస్‌బీకి తగిలించింది ఎడమది!

రాయగడ లైనక్స్

సరిగ్గా అర్థం చేసుకున్నారు అక్కా. ఎడమ డిస్కులో చదవడానికి వీలుకాని చోటు తగిలి ఫిబ్రవరి 9న పెట్టె దాన్ని జత నుంచి తప్పించింది. అరిచింది ఆ సంగతి చెప్పడానికే. ఆ తర్వాత మీరు చేసిన పని ఏదీ ఎడమ డిస్కులో లేదు. దాన్నుంచి కాపీ తీసుకుని ఉంటే ఫైళ్ళన్నీ ఉన్నట్టే కనిపించేవి. మాఘ, ఫాల్గుణాల కార్డులు, ఆ తర్వాతివి లేవని మీకు తెలిసేసరికి ఎన్ని రోజులయ్యేదో.

ఎడమదాన్ని ఒక కవర్లో పెట్టి, మీద "పాతది, ఫిబ్రవరి" అని రాసి బీరువాలో పెట్టేయండి. పారేయకండి, మనకి అది ఆఖరి ఆసరా. కుడిదాన్ని ఒక్కదాన్నే తగిలించి, ఎండీఆడ్మ్‌లో అసెంబుల్, రన్, రీడ్ ఓన్లీ అని మూడూ ఇవ్వండి. రన్ అనకపోతే జతలో ఒకటే ఉందని అది మొదలవ్వదు. మౌంట్ చేసేటప్పుడు, అంటే ఫైళ్ళు కనిపించేలా తెరిచేటప్పుడు, రీడ్ ఓన్లీతో పాటు "నోలోడ్" కూడా ఇవ్వండి. కరెంటు పోయినప్పుడు మధ్యలో ఆగిన రాతల్ని లైనక్స్ ముందు పూర్తిచెయ్యాలని చూస్తుంది, డిస్కు మీద రాయొద్దంటే మౌంట్ అవ్వనంటుంది. నోలోడ్ అంటే ఆ పని వదిలేసి ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. కాపీ మాత్రం కొత్త బయటి డ్రైవులోకి చెయ్యండి, కంప్యూటర్‌లో ఉన్న విండోస్ డిస్కులోకి వద్దు.

కాపీ అయ్యాక ఫోల్డర్ల సైజు చూసి సరిపెట్టుకోకండి. జనవరి నుంచి ప్రతి నెలా రెండేసి ఫైళ్ళు పేజ్‌మేకర్‌లో నిజంగా తెరిచి చూడండి.

సాలూరు

మీ చర్చంతా చదివాను. మాదీ డీటీపీ పనే కాబట్టి రెండు మాటలు. పేజ్‌మేకర్ ఫైలు ఒక్కటే కాపాడితే చాలదు. దాంట్లో పెట్టిన వినాయకుడి బొమ్మ, కలశం బార్డరు లాంటివి చాలాసార్లు ఫైలు లోపల ఉండవు, ఎక్కడున్నాయో దారి మాత్రం రాసుకుని ఉంటుంది. డ్రైవు అక్షరం మారితే ప్రతి బొమ్మకీ "ఎక్కడుంది?" అని అడుగుతుంది. అందుకని కొత్త ఏర్పాటు ఏది చేసినా అది జెడ్ డ్రైవుగానే ఉండాలి, ఫోల్డర్ పేర్లు మార్చకండి. అను, ఆకృతి ఫాంట్ల ఫోల్డర్లు కూడా అదే డ్రైవులో వేసుకోండి. ఎక్స్‌పీ మిషన్ పోయిన రోజు ఫైళ్ళుండి ఫాంట్లు లేకపోతే ఇంగ్లీషు అక్షరాల గందరగోళమే కనిపిస్తుంది.

ఇంకోటి, పెట్టె మార్చే ఆలోచన ఉంటే ఇది చూసుకోండి. నెట్‌వర్క్‌లో ఫైళ్ళు పంచుకునే భాష ఎస్‌ఎంబీ. ఎక్స్‌పీకి దాని మొదటి వెర్షన్ ఒక్కటే వచ్చు. కొత్త పెట్టెలు దాన్ని ఆపేసి వస్తున్నాయి. లైనక్స్‌లో ఆ భాష మాట్లాడే సాంబా అనే ప్రోగ్రాంలో 2019లో వచ్చిన 4.11 వెర్షన్ నుంచి అది మామూలుగా ఆపేసే ఉంటుంది. విండోస్ 10లో కూడా 2017 చివరి నుంచి అంతే. కొత్తది కొని తగిలించాక ఎక్స్‌పీలో కనిపించడం లేదని తల పట్టుకుంటారు. ఆ పాత భాష మాట్లాడే పాత పెట్టె బతికే ఉంటే, ఎక్స్‌పీ కోసం దాన్నే ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం.

కానీ దాన్ని ఇంటర్నెట్ వైపు అసలు తెరవొద్దు. బయటి ఊరి నుంచి ఫైళ్ళు చూసుకునే సదుపాయం ఆన్ చేసి ఉంటే ఆపేయండి. 2021 జూన్‌లో మై బుక్ లైవ్ అనే పాత డ్రైవులు వాడుతున్న చాలామందికి ఒక్కసారిగా డేటా మొత్తం చెరిగిపోయింది. వాటికి 2015 తర్వాత అప్‌డేట్లు లేవు, నెట్‌కి తగిలించి ఉన్నవాటిలోకి ఎవరో దూరి ఫ్యాక్టరీ రీసెట్ చేశారు. చివరికి నెట్ కేబుల్ పీకేయమని కంపెనీయే చెప్పింది. పన్నెండేళ్ళ పెట్టెకి కూడా ఆ జాగ్రత్త తప్పదు.

బరంపురం రిపేరు

సాలూరు వారు చెప్పింది బంగారం లాంటి మాట. నేను కరెంటు సంగతి పూర్తిచేస్తాను.

12 వోల్టులు, 6 ఆంపియర్ల అడాప్టర్ కొనండి. 8 ఆంపియర్లదైనా పరవాలేదు. పెట్టె తనకి కావలసినంతే లాక్కుంటుంది. వోల్టులు మాత్రం 12కి మించకూడదు. కొన్నాక మీ బల్బుల పలకతో ముందు దాన్ని పరీక్షించి, ఆ తర్వాతే పెట్టెకి పెట్టండి. ఎల్‌ఈడీ పట్టీల కోసం వచ్చే చవక అడాప్టర్ల మీద 6 అని రాసి ఉన్నా అంత ఇవ్వనివి చాలా చూశాను.

పెట్టెకీ రౌటర్‌కీ కలిపి చిన్న యూపీఎస్, 600 వీఏది చాలు. మీ ప్రెస్సు మెషిన్ మోటారు ఉన్న లైను మీద ఈ పెట్టె ఉండకూడదు. మోటారు మొదలైన ప్రతిసారీ లైటు ఒక్క క్షణం తగ్గడం చూస్తూనే ఉంటారు, పెట్టెకి కూడా అదే దెబ్బ. వేసవిలో ఎర్తు గుంతలో నీళ్ళు పోస్తున్నారా? మన వైపు చాలా షాపుల్లో ఎర్తు వైరు గోడలోకి వెళ్ళి అక్కడే ఆగిపోతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఒకసారి చూపించండి. ఉరుములు మొదలవగానే ప్లగ్గుతో పాటు నెట్‌వర్క్ కేబుల్ కూడా పీకండి.

ఇక జతలో రెండో డిస్కు. ఎడమదాని స్థానంలో కొత్తది పెట్టాలి. 2 టీబీ గానీ అంతకంటే పెద్దది గానీ తీసుకోవాలి, తక్కువైతే తీసుకోదు. దాన్ని జతకి కలిపేటప్పుడు పెట్టె కుడి డిస్కుని మొదటి నుంచి చివరి దాకా ఒక్క బిగిన చదువుతుంది. పాత డిస్కుకి అది పెద్ద పరీక్ష, మధ్యలో చతికిలబడవచ్చు. అందుకే కాపీ మీ చేతిలో ఉన్నాకే ఆ పని మొదలెట్టాలి. మీకు పెట్టె అమ్మినవాళ్ళు ఒకటి పోతే ఇంకోటి ఉంటుందన్నారు కదా, అది డిస్కు చెడిపోయే సందర్భానికి మాత్రమే నిజం. మీరు పొరపాటున ఒక ఫైలు చెరిపితే రెండింట్లోనూ అదే క్షణంలో పోతుంది. వైరస్ పట్టినా, పెట్టె కాలినా, దొంగ ఎత్తుకుపోయినా రెండూ కలిసే పోతాయి.

పర్లాకిమిడి ప్రెస్సు

రెండు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. ఆర్డర్లు మొదలయ్యాయి.

కుడి డిస్కు నుంచి 412 జీబీ వచ్చింది. పొద్దున్న పదింటికి కాపీ మొదలెడితే మధ్యాహ్నం మూడున్నరకి అయింది, చిన్న ఫైళ్ళే ఎక్కువ కదా. ఆ ఐదున్నర గంటలూ ప్రెస్సు మెషిన్ ఆన్ చెయ్యనివ్వలేదు. తమ్ముడు చెప్పినట్టు నెలకి రెండు ఫైళ్ళు తెరిచి చూశాను. జూన్ దాకా అన్నీ ఉన్నాయి. గాలివాన సాయంత్రం నేను సేవ్ చేస్తున్న ఒక్క ఫైలు మాత్రం తెరుచుకోలేదు. ఒక కిరాణా కొట్టు బిల్లు బుక్కు అది, అరగంటలో మళ్ళీ చేసుకున్నాను.

అడాప్టర్ విశాఖ నుంచి తెప్పించాం. మా ఊరి అబ్బాయి ఒకడు అక్కడ చదువుతున్నాడు, గుణుపూరు పాసింజర్లో వస్తూ తెచ్చాడు. 12 వోల్టులు, 6 ఆంపియర్లు. పలక మీద రెండు బల్బులూ వేస్తే 11.9 దగ్గర నిలబడింది, బల్బులు కళ్ళు చెదిరేంత తెల్లగా వెలిగాయి. పాతదానితో అవే బల్బులు ఎలా ఉన్నాయో గుర్తొచ్చింది.

కుడి డిస్కు ఒక్కటే పెట్టి పెట్టెని లేపాను. నీలం లైటు కొట్టుకుని, కొట్టుకుని, నిలబడింది. ఎక్స్‌పీలో జెడ్ డ్రైవు దానంతట అదే వచ్చింది. మా ఆయన మెషిన్ దగ్గర నుంచి లేచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. మర్నాడు కొత్త డిస్కు ఎడమవైపు పెట్టాను. జత కలవడానికి పదమూడు గంటలు పట్టింది, రాత్రంతా నారింజ లైటే, తెల్లారేసరికి నీలం. ఈసారి ఆ రంగు మారితే ఏం చెయ్యాలో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో కంపోజ్ చేసి, ప్రింటు తీసి పెట్టె పక్కన గోడకి అంటించాను. తెలుగులో, ఒడియాలో కూడా. మా దగ్గర పనిచేసే కుర్రాడికి తెలుగు చదవడం రాదు.

కాపీలకి రెండు బయటి డ్రైవులు పెట్టాను. ప్రతి శనివారం సాయంత్రం ఒకదానిలో కాపీ చేసి, ఆదివారం పాతపట్నంలో మా అమ్మ వాళ్ళింట్లో పెట్టి, అక్కడున్న రెండోది తెచ్చుకుంటాను. ఫాంట్ల ఫోల్డర్లు కూడా అందులోకి చేరాయి. బయటి ఊరి నుంచి చూసే సదుపాయం ఆన్‌లోనే ఉందని వెతికితే తెలిసింది, ఆపేశాను. యూపీఎస్ వచ్చింది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే అన్నయ్యగారు అన్నట్టే ఎర్తు వైరు గోడ అవతల తెగి ఉంది. కొత్త గుంత తవ్వించి బొగ్గు, ఉప్పు వేయించాం.

నిన్న ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ళ అన్న పెళ్ళికి 2016లో మేమే కార్డు వేశాం, తన కార్డు కూడా అలాగే కావాలంది, నాన్నగారు ఇప్పుడు లేరు కాబట్టి పేరు ముందు కీర్తిశేషులు అని చేర్చమంది. జెడ్ డ్రైవులో ఫైలు తెరిచాను. కలశం బొమ్మ దాని చోట అది ఉంది, ఏ బొమ్మ గురించీ అడగలేదు. ఇంటిపేరు, గోత్రం అన్నీ వాళ్ళ నాన్నగారు అప్పట్లో తన చేత్తో రాసిచ్చిన కాగితం చూసి నేను కొట్టినవే. తేదీ, పేర్లు మార్చి ప్రూఫు ఇచ్చాను.

బల్బుల పలక మా మరిది అడిగినా ఇవ్వలేదు. రెండు వైర్ల చివర క్లిప్పులు పెట్టించి స్టోరు గదిలో మేకుకి తగిలించాను. పక్క వీధిలో స్టూడియో అతని మానిటర్ అడాప్టర్ కోసం మొన్ననే ఒకసారి పట్టుకెళ్ళాడు. అతనిది భారం వేస్తే 8 దగ్గర ఆగిందట.